మూటల కాడ ఎవరున్నారో అడుగు

"కర్నూలులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) తరఫున వచ్చే ఆదివారం, ఇల్లు లేని కుటుంబాలకు అన్నం పెట్టే చోట వడ్డనకు వెళ్తున్నాం. నాకిది మొదటిసారి. వాళ్లతో ఏం మాట్లాడాలి? ఏం చేయకూడదు? ఫొటోలు తీయవచ్చా? ఒక్క పూట అన్నం పెడితే వాళ్లకు ఏం ఒరుగుతుంది? ఇంట్లో అమ్మ టెన్షన్ పడుతోంది" అని అడిగావు.

అమ్మా, మంచి పనికి వెళ్తున్నావు. నేను 2014 నుంచి మా వీధివాళ్లతో కలిసి పెద్దాసుపత్రి దగ్గర వారానికొక పూట అన్నం పెడుతున్నాను. మొదట్లో గురువారాలు పెట్టేవాళ్లం. అన్న క్యాంటీన్లు వచ్చాక, వాటికి ఆదివారం సెలవు కాబట్టి మేమూ ఆదివారానికి మార్చుకున్నాం. 120 మంది దాకా వస్తారు. ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. నీ ప్రశ్నలన్నిటికంటే ముందు అదే చెప్తాను.

ఇల్లు లేని కుటుంబం భోజనానికి ఎప్పుడూ మొత్తంగా రాదు. ఒకరు మూటల దగ్గర ఉండిపోతారు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. మేం మొదలుపెట్టిన రెండో ఏడు అది. చంకలో ఒక బిడ్డ, కొంగు పట్టుకుని ఆరేళ్ల పిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు ఆ తల్లికి. కడబంతిలో కూర్చుంది. పెద్దపిల్లకు కలిపి పెట్టింది, చిన్నవాడికి మెతుకులు మెదిపి తినిపించింది. తన విస్తట్లో అన్నం మాత్రం ముట్టుకోలేదు. చుట్టూ చూసి, విస్తరి అంచులు మెల్లగా పైకి మడవబోయింది. వడ్డిస్తున్న పిల్లవాడు ఆపేశాడు. "అక్కా, ఇక్కడే తినాలి, కట్టుకుని పోకూడదు" అన్నాడు. వాడి తప్పు కాదు. ఆ నియమం పెట్టింది నేనే. తీసుకెళ్లిన అన్నం పాచిపోయాక తింటే ఎవరికైనా ఏమైనా అవుతుందేమోనన్న భయంతో పెట్టాను. ఆమె మారు మాట్లాడలేదు. మడిచిన అంచులు మళ్లీ విప్పింది. పిల్లలు తిన్నాక, తన ముందున్న నిండు విస్తరిని అలాగే వదిలేసి లేచింది.

నేను వెనకాలే వెళ్లి "ఏమ్మా, తినకుండా పోతున్నావు" అని అడిగాను. "మా ఇంటాయన మూటల కాడ ఉండాడమ్మా. నిన్నటి నుంచి ఏం తినల్యా. ఆయప్ప లేచి వస్తే మూటలు పోతాయి. ఆయప్ప తినకుండా నేనెట్లా తినేది?" అంది.

ప్రహరీ గోడ పక్కన వేపచెట్టు కింద ఉన్నాడు ఆయన, మూడు మూటల మీద చెయ్యి వేసుకుని. ఒకదాంట్లో కంబళ్లు, ఒకదాంట్లో గిన్నెలు. మూడోదాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు. అందులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, చిన్నవాడి ఆసుపత్రి కాగితాలు ఉన్నాయి. కోసిగి వైపు వాళ్లు. సుగ్గికి, అంటే పనుల కాలంలో వలసకు, గుంటూరు పక్క మిరపకాయల కోతకు పోయారు. అక్కడ బిడ్డకు జ్వరం ముదిరి, పని మధ్యలో వదిలి ఇక్కడికి వచ్చారు. బిడ్డకు నయమైంది గానీ, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు అలాగే ఉంది. ఊరికి పోతే మేస్త్రీ ఇంటి ముందు నిలబడతాడు. ఇక్కడ ఉండడానికి గూడు లేదు. ఆ మూడు మూటలే వాళ్ల ఇల్లు. ఇంటికి తాళం వేసుకుని రావడానికి మనకు వీలుంది, వాళ్లకు లేదు.

ఆ రోజు నాకు మరింత బాధ కలిగించిన విషయం ఇంకొకటుంది. ఆ పరిస్థితి నాకు తెలియనిది కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు మా ఇల్లు పాతబస్తీలోనే ఉండేది. మిద్దె మీద ఒక రాత్రి గడిపి, మూడేళ్ల పిల్లాడితో, అత్తమ్మతో కలిసి ఒక బడికి చేరాను. మా ఆయన మిద్దె మీదే ఉండిపోయారు, దొంగల భయానికి. బడి దగ్గర చిత్రాన్నం పొట్లాలు పంచుతున్నారు. ఆయనకోసం ఇంకొకటి అడిగితే "వచ్చినవాళ్లకే, మనిషికొకటి" అన్నారు. పొట్లం పట్టుకుని వరసలో నిలబడటం అంటే ఏమిటో, ఇంకొకటి అడగడానికి నోరు ఎంత కష్టంగా పెగులుతుందో ఆ రోజే నాకు అర్థమైంది. అంత తెలిసినదాన్ని, ఆరేళ్లు తిరిగేసరికి అదే నియమాన్ని నేను ఇంకొకరి మీద పెట్టాను. ఆ తల్లి వదిలి వెళ్లిన విస్తరి ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

అందుకే నువ్వు వెళ్లిన చోట "పార్సిల్ లేదు" అనే పద్ధతి ఉంటే నిర్వాహకులతో ముందే మాట్లాడు. పాచిపోతుందన్న భయం నిజమైనదే, దానికి దారి కూడా ఉంది. మేం మూత ఉన్న స్టీలు డబ్బాలు 15 కొనిపెట్టుకున్నాం. కూర్చున్న ప్రతి కుటుంబాన్నీ "మూటల కాడ ఎవరున్నారు?" అని అడుగుతాం. ఉన్నారంటే వెంటనే డబ్బాలో వేడిగా పెట్టి, పెద్దపిల్లల చేత గానీ మా పిల్లల చేత గానీ పంపిస్తాం. ఆయన తింటున్నాడని తెలిస్తేనే ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. డబ్బాలు ఎక్కువసార్లు కడిగి తెచ్చిస్తారు. రాకపోతే అడగం.

ఇక వచ్చేవాళ్లు ఎవరంటావా? అందరూ ఒక తీరు వాళ్లు కాదు. పెద్దాసుపత్రికి అనంతపురం, గద్వాల, రాయచూరు దిక్కు నుంచి కూడా రోగులు వస్తారు. మంచానికి ఒకరిని ఉండనిస్తే మిగతావాళ్లు బయట చెట్ల కింద పడుకుంటారు. ఆదోని, మంత్రాలయం, కౌతాళం నుంచి సుగ్గికి పోయి తిరిగొస్తూ ఊళ్లో ఆగిన కుటుంబాలు ఉంటాయి. కట్టడం పనులకు వచ్చి, పని అయిపోయాక టార్పాలిన్ పట్ట కింద కాపురం ఉంటున్నవాళ్లు, కొండారెడ్డి బురుజు దగ్గర బెలూన్లు అమ్ముకునేవాళ్లు, భర్త వదిలేస్తే పిల్లలతో బయటపడ్డ ఆడవాళ్లు కూడా ఉంటారు. వాళ్లలో చాలామంది నిరుడు మనలాగే అద్దె కట్టుకుని బతికినవాళ్లే. బట్టలు శుభ్రంగా ఉన్నాయని, చేతిలో సెల్‌ఫోన్ ఉందని "వీళ్లకేం అవసరం" అని నీ పక్కవాళ్లెవరైనా గొణిగితే, వడ్డన ఆపి మరీ చెప్పు. మేస్త్రీ పనికి పిలవాలంటే ఆ ఫోన్ ఉండాల్సిందే.

వడ్డన విషయానికి వస్తే, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అంటారు కదా. కడబంతిలో కూర్చునేవాళ్లకు నువ్వే ఆ మనవాడివి కావాలి. మొదటి బంతికి కూర దండిగా వేసి, చివరికి చారు నీళ్లు పోసే చోట్లు చాలా చూశాను. మొదటిసారి తక్కువే వెయ్యి, మారు తప్పకుండా తిరుగు. "ఇంకా కావాలా?" అని అడిగితే చాలామంది మొహమాటానికి వద్దంటారు. "కొంచెం వేస్తానక్కా" అంటూ గరిటె ముందుకు పెడితే వద్దనరు. అన్నం విస్తట్లో పెట్టాలి గానీ పై నుంచి విసరకూడదు. ఒంగి వడ్డించాలి. నడుం పట్టేస్తుంది, అయినా ఒంగాలి. నిలబడి పై నుంచి వేస్తే ఎదుటి మనిషికి ఎలా ఉంటుందో 2009లో నేను అనుభవించాను.

వరసలో నిలబెట్టి పొట్లాలు ఇవ్వడం కంటే పట్టలు పరిచి బంతిగా కూర్చోబెట్టడం నాకు ఇష్టం. మన సీమకు ఇది కొత్త కాదు. కరువు కాలంలో గంజి పోసి జనాన్ని బతికించిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని ఇప్పటికీ తలుచుకుంటారు. కాశినాయన ఆశ్రమాలకు వేళ కాని వేళ వెళ్లినా నన్ను ఎవరూ ఊరూ పేరూ అడగలేదు, ముందు విస్తరి వేశారు. మగవాళ్లను ఒకవైపు, ఆడవాళ్లను ఒకవైపు విడదీయవద్దు. తండ్రి ఒళ్లో కూర్చుని తినే బిడ్డ అలవాటు అన్నం దగ్గర మార్చకూడదు.

చిన్నపిల్లల సంగతి వంటవాళ్లు తరచుగా మరిచిపోతారు. మన వంటల్లో కారం ఎక్కువ. రెండేళ్ల బిడ్డ ఒక ముద్ద తిని ఏడుపు అందుకుంటే, తల్లి కూడా తినలేకపోతుంది. పప్పు ఉడికాక కారం, పోపు వేయకముందే రెండు గిన్నెలు తీసి పక్కన పెట్టించు. దాంట్లో కాస్త నెయ్యి, ఉప్పు చాలు. పళ్లు లేని అవ్వలకు కూడా అదే పెడతాం. రంజాన్ నెలలో రోజా ఉన్నవాళ్లు మధ్యాహ్నం తినరు కాబట్టి, వాళ్ల వంతుకు పండ్లు, బ్రెడ్డు, నీళ్లు ఇస్తాం, ఇఫ్తార్ వేళకు పనికొస్తాయి. గుడ్డు వేసే ముందు తింటారా అని ఒక్క మాట అడగాలి.

లెక్కలు కూడా చెప్తాను, మీ వాళ్లే వండితే పనికొస్తాయి. పెళ్లిళ్లలో కిలో బియ్యానికి ఎనిమిది మంది అంటారు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు, రోజంతా ఏమీ తినని మనిషి వస్తాడు. కిలోకు ఆరుగురు అనుకో. 120 మందికి 20 కిలోల బియ్యం, 4 కిలోల కందిపప్పు పడుతుంది. డబ్బు మిగిలితే ఇంకో కూర చేయడం కంటే తలా ఒక గుడ్డు పెట్టడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో మజ్జిగ లేకుండా భోజనమే పెట్టొద్దంటాను నేను.

అన్నం పాడవడం గురించి మాత్రం చాలా గట్టిగా ఉండాలి. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి ఉడికించినా చావదు. దాని బీజాలు బతికే ఉంటాయి. వండిన అన్నం వేడి తగ్గి గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. కాబట్టి వండిన తర్వాత బయట రెండు గంటలు దాటకూడదు. కర్నూలు ఎండల్లో, 40 డిగ్రీలు దాటిన రోజున గంట కూడా ఎక్కువే. వేడి అన్నాన్ని పాలిథిన్ కవర్లలో కట్టేస్తే లోపల ఆవిరి నీరై ఇంకా తొందరగా చెడుతుంది. కల్యాణ మండపాల నుంచి "మిగిలింది, తీసుకుపొండి" అని ఫోన్లు వస్తాయి. మధ్యాహ్నం 12కు వండిన సాంబారు, అన్నం రాత్రి 9కి ఇస్తామంటే నేను దండం పెట్టి వద్దంటాను. ఒకసారి మొహమాటపడి తీసుకున్నాం. నోట్లో వేసుకుని చూస్తే బాగానే ఉంది. పంచిన గంటన్నరకు నలుగురు పిల్లలకు వాంతులు. మనకైతే ఇంట్లో బాత్రూం ఉంటుంది, మంచం ఉంటుంది. రోడ్డు పక్కన పడుకునే బిడ్డకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ తల్లి రాత్రంతా ఎక్కడికి పరుగెత్తాలి? మిగులు అన్నం తీసుకోవాల్సి వస్తే ఎన్నింటికి దించారో వంటమనిషినే అడుగు. సమాధానం తడబడితే వదిలెయ్యి. నీకు దగ్గు, జలుబు, వేలికి తెగిన గాయం ఉంటే వడ్డనకు దిగకు, నీళ్లు పోయడమో పట్టలు దులపడమో చెయ్యి.

మాటల విషయం. "మీరెందుకిలా అయ్యారు?" అని ఎవరినీ అడగొద్దు. నీలాంటివాళ్లు వారానికి పదిమంది అడుగుతారు, ప్రతిసారీ వాళ్లు ఆ పుండు విప్పి చూపించాలి. "అవ్వా, కడుపు నిండిందా?", "అన్నా, మజ్జిగ పోయనా?", "పాప పేరేంటక్కా?" చాలు. వాళ్లే చెప్పుకుంటే వినాలి. మధ్యలో సలహా ఇవ్వకు, కన్నీళ్లు పెట్టుకోకు. వాళ్ల బాధతోపాటు నిన్ను ఓదార్చే పని కూడా వాళ్ల మీద పడుతుంది. బిడ్డల్ని పలకరించు గానీ, తల్లిని అడగకుండా ఎత్తుకోకు. చాక్లెట్లు తీసుకెళ్లొద్దు, ఒకరికి అంది ఇంకొకరికి అందకపోతే ఏడ్చే బిడ్డను సముదాయించడం నీవల్ల కాదు. "మళ్లీ వస్తా", "పని చూపిస్తా" అనే మాటలు నోటికి తేలికగా వస్తాయి. వాళ్లు వాటిని నమ్మి ఎదురుచూస్తారు. చేయగలిగిందే చెప్పు.

ఫొటోలు వద్దు. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటల లెక్క, దానికి రుజువు చూపాలన్న ఇబ్బంది నాకు తెలుసు. రిజిస్టర్‌లో సంతకం చేయించుకో. తప్పదంటే గుండిగలు, కూరగాయలు తరుగుతున్న మీ చేతులు తీసుకోండి. తినేవాళ్ల ముఖాలు, ముఖ్యంగా పిల్లల ముఖాలు, ఒక్కటి కూడా ఫోన్‌లోకి ఎక్కకూడదు. నిరుడు ఒకామె మా దగ్గర అన్నం తింటున్న ఫొటో ఎవరో వాట్సాప్‌లో పెడితే, అది తిరిగి తిరిగి ఆమె పుట్టింటివాళ్ల ఫోన్‌కు చేరింది. కట్టడం పనిలో ఉన్నానని వాళ్లకు చెప్పుకుంటోంది ఆమె. ఆ తర్వాత రెండు నెలలు మా బంతిలో కనిపించలేదు. ఆ రెండు నెలలు ఆమె ఆకలితో ఉండి ఉంటే అది మా పాపమే.

ఒక్క పూట అన్నంతో ఏం ఒరుగుతుంది అన్నావు. ఆ పూటకు ఆకలి తీరుతుంది, అదేమీ చిన్న విషయం కాదు. దానికి తోడు, అన్నం దగ్గర కూర్చున్నప్పుడే మనుషులు నోరు విప్పి తమ ఇబ్బంది చెప్తారు. అప్పుడు నీకు కొన్ని సంగతులు తెలిసి ఉంటే చాలా పని జరుగుతుంది. రేషన్ కార్డు సొంత ఊరిదైనా బియ్యం ఎక్కడైనా తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలే. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు దగ్గర్లోని అంగన్‌వాడీలో పోషకాహారం అడగవచ్చు. పుట్టిన తేదీ కాగితం లేదనో, టీసీ లేదనో 6 నుంచి 14 ఏళ్ల బిడ్డను బడి వెనక్కి పంపకూడదని విద్యాహక్కు చట్టమే చెప్తోంది. సుగ్గికి పోయే కుటుంబాల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి మన జిల్లాలో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. పట్టణంలో లక్ష జనాభాకు 100 మంది పట్టే రాత్రి బస ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. మన ఊళ్లో బస ఎక్కడుంది, కుటుంబాన్ని విడదీయకుండా చేర్చుకుంటారా అనేది వెళ్లేముందే కార్పొరేషన్ ఆఫీసులో కనుక్కో. మగవాళ్లకు మాత్రమే అంటే, ఆ తల్లీ పిల్లలూ మళ్లీ రోడ్డు మీదే. ఒంటరి బిడ్డ కనిపిస్తే 1098కి, ఎవరికైనా ఆరోగ్యం బాగాలేకపోతే 108కి చెయ్యి. ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి జేబులో పెట్టుకో. నేను చెప్పిన ఆ కోసిగి కుటుంబం మా బంతికి వచ్చింది ఆ ఒక్క గురువారమే. ఆధార్ పట్టుకుని రేషన్ షాపుకు తోడు వెళ్లింది మాత్రం మా దగ్గర వడ్డనకు వచ్చిన ఇంటర్ పిల్లాడు. బియ్యం చేతికి వచ్చాక ఆ తల్లి అక్కడే కూలబడి ఏడ్చిందట.

మీ అమ్మగారి భయం సహజం. పట్టపగలు, నలుగురిలో, ఇద్దరిద్దరుగా తిరగండి. నీ ఫోన్ నంబరు ఎవరికీ ఇవ్వకు, నిర్వాహకులది ఇవ్వు. చేతికి డబ్బు ఇవ్వకు. తాగి వచ్చినవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, వాళ్లతో పెద్దవాళ్లే మాట్లాడతారు, నువ్వు పక్కకు జరుగు. అమ్మ ఒప్పుకుంటే ఒక ఆదివారం ఆమెనే వెంట తీసుకెళ్లు. మా దగ్గరికి అలా వచ్చిన ఒక తల్లి ఇప్పుడు ప్రతి వారం చారు ఆమే పెడుతుంది.

ఆ రాత్రి ఇంట్లో నీకు అన్నం సయించకపోవచ్చు. నాకూ అలాగే అయింది. ఎవరితోనైనా మాట్లాడు, లోపల దాచుకోకు. వీలైతే ఆ తర్వాతి ఆదివారం కూడా వెళ్లు. ఒకే ముఖం రెండుసార్లు కనిపిస్తే పిల్లలు పరుగెత్తుకొస్తారు, పెద్దవాళ్లు కాగితాలు తెచ్చి చూపిస్తారు. ఒక్కసారి వచ్చి పోయేవాళ్లకు అవి చూపించరు.

జుట్టు ముడివేసుకుని వెళ్లు. బూట్లు కాకుండా చెప్పులు వేసుకో, పట్టల మీద నడవాలి, విప్పడం తేలిక. బంతి కూర్చోగానే గరిటె పట్టుకోకుండా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి నడిచి, ఒక్కొక్కరి దగ్గరా ఒంగి అడుగు: "అక్కా, మూటల కాడ ఎవరన్నా ఉన్నారా?"